ఊరికే ఉన్నప్పుడు

అల్లుళ్ళిద్దరూ పనిలో పడ్డారు. పెద్దల్లుడు గదంతా దద్దరిల్లేలా రొద పెడుతున్నాడు, చిన్నల్లుడు తనలో తను గొణుక్కుంటున్నాడు, పెద్దకోడలు ఇద్దరికీ నడుమ స్టూలు వేసుకుని మీటర్ల వంక చూస్తూ కూర్చుంది. అల్లుళ్ళంటే మనుషులు కాదు, ఈ కంటి ఆసుపత్రికి కొనబోయే సర్వరు కోసం పరీక్షకు వచ్చిన రెండు యంత్రాలు. పొద్దున వాటిని అట్టపెట్టెల్లోంచి తీసి ఇనపచట్రంలో బిగించి, ఎంత కరెంటు తింటున్నాయో తెలియడానికి ఒక్కోదాని ప్లగ్గుకీ ఒక్కో మీటరు తగిలిస్తూ కరెంటాయన ఆ పేర్లు పెట్టాడు. పని ఎవరెంత చేస్తారో తెలీదు గానీ మేడమ్, తిండి మాత్రం ఇద్దరికీ మనింట్లోనే, అందుకని అల్లుళ్ళు అన్నాడు. అప్పుడు నవ్వలేదు, ఎదురుగా బయటి కంపెనీ ఆయన ఉన్నాడు. ఇప్పుడు గదిలో ఎవరూ లేరు కాబట్టి నవ్వొస్తోంది, వచ్చిన నవ్వు నిలవడం లేదు. పరీక్ష గంటసేపు. ఈ గంట అయ్యాక ఆ తలుపు తీసుకుని పెద్ద డాక్టరుగారు వస్తారు, ఆయన వెనక అమ్మకందార్లిద్దరూ వస్తారు, ఏ యంత్రం ఉంచుకోవాలో పెద్దకోడలు చెప్పాలి. ఆమె చెప్పిందే ఖాయం. ఆ అమ్మకందార్లలో ఒకడు ఆమె సొంత మరిది.

ఓహో. ఆ ఒక్క మాట పొద్దుటినుంచీ చెవిలో జోరీగలా తిరుగుతోంది. బయటి కంపెనీ ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, టై కట్టుకున్నాడు, తన యంత్రాన్ని పసిపిల్లను దించినట్టు దించాడు, మంచినీళ్ళిస్తే థాంక్స్ చెప్పాడు. అవతలినుంచి మరిది, వదినా, స్క్రూడ్రైవరు ఎక్కడుందీ అని కేకేసేసరికి చెయ్యి ఆపి, ఆయన మీకేమవుతారండీ అని అడిగాడు. మరిదండీ, అంది. ఓహో, అన్నాడు. సాగదీయలేదు, నవ్వలేదు, మళ్ళీ మర బిగించుకోవడంలో పడ్డాడు. సాగదీసి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి అని తేల్చుకోవచ్చు. పొట్టి ఓహోకి ఎవరు మాత్రం ఏం జవాబు చెప్తారు? అప్పటినుంచి మనసులో ఆయన పేరు ఓహోగారే అయిపోయింది. దాచిందేమీ లేదు. మరిది యంత్రం కూడా వస్తోందని తెలిసిన రోజే పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి, ఈ పని ఇంకెవరిచేతైనా చేయించండి అని చెప్పింది. ఆయన కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, ఇంకెవరున్నారమ్మా, నాకు కళ్ళు తెలుసు, నీకు ఈ డబ్బాలు తెలుసు, నువ్వే చెయ్యి అన్నారు. పరీక్ష ఏమిటో ముందే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పెయ్, మొదలుపెట్టాక మాత్రం మార్చకు, అప్పుడు ఎవడూ నోరెత్తడు అన్నారు. మార్చనండీ, అంది. తర్వాత ఆ గదిలోనే ఇద్దరు అమ్మకందార్ల ముందూ ఇంకోసారి అంది. మార్చను.

పరీక్ష పెద్ద విడ్డూరమేమీ కాదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళందరికీ కంటి లోపలి గోడను ఫోటో తీస్తారు, ఆ ఫోటోలన్నీ సర్వరు చూసి, వీళ్ళు ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వీళ్ళు తర్వాత వచ్చినా ఫరవాలేదు అని వేరుచేస్తుంది. ఒకే ఫోటోల గుట్ట రెండింటికీ ఇవ్వాలి. ఎవరెన్ని చూశారు, ఒక్కో ఫోటోకి ఎంత కరెంటు తిన్నారు, పెట్టిన ధరకి ఎంత పని వస్తోంది, ఈ మూడే లెక్క. కంపెనీలవాళ్ళ కాగితాల్లో మొదటి రెండూ రంగురంగుల గీతలుగా ఉంటాయి, ఎవరి కాగితంలో చూసినా వాళ్ళ గీతే పొడుగు, అందుకే సొంత ఫోటోలతో సొంత గదిలో చూద్దామంది. ఇంట్లో అత్తగారికి ఇదంతా చెప్పింది కూడా. ప్రాసెసరంటే లోపల పనిచేసే చేతులనుకోండి అత్తయ్యా, ఒకదానికి చేతులు తక్కువ, ఒక్కో చెయ్యీ చురుకు, రెండోదానికి చేతులు బోలెడు, ఒక్కోటీ నిదానం. అత్తగారు మోకాళ్ళ మీద చేతులాడించుకుంటూ విని, అయితే మొదటిది నువ్వు, రెండోదెవరో నేను చెప్పను, అంది. పక్కనే కూర్చుని అత్తగారి కాళ్ళకి నూనె రాస్తున్న చిన్నకోడలు తలెత్తకుండా, చెప్పకపోతే నాకు తెలీదా అత్తయ్యా, అని నవ్వింది. ఊరికే అన్నాలేవే, అంది అత్తగారు. ఆవిడ ఏదన్నా అనడం, వెంటనే ఊరికే అన్నాలే అనడం, ఆ ఇంట్లో అది మామూలే. దెబ్బా ఆవిడదే, మందూ ఆవిడదే.

పెద్దల్లుడు, అంటే బయటి కంపెనీ యంత్రం, ముందున్నాడు. తెర మీద అంకెలు పరుగెత్తుతున్నాయి, పెద్దల్లుడు చూసేసిన ఫోటోల అంకె చిన్నల్లుడి అంకెను ఎప్పుడో దాటి దూరం వెళ్ళిపోయింది. మీటరులో వాట్లు కూడా అతనివే ఎక్కువ, కానీ పని అంతకన్నా ఎక్కువ కాబట్టి ఫోటోకింత అని పంచి చూస్తే అతనే ఒక వెంట్రుక వాసి పొదుపు. ధర ఇంచుమించు ఒకటే, అయితే ఫోటోలు చూసే ప్రోగ్రాముకి చేతికింత అని అద్దె కట్టాలి, చేతులెక్కువున్న చిన్నల్లుడికి అదొక దండగ. మూడింటికి మూడూ పెద్దల్లుడివే. తేలిపోయినట్టే. మరిది ఓడిపోతాడు, ఓహోగారి ఓహో ఆయన దగ్గరే ఉండిపోతుంది, ఈ విషయంలో ఎవరూ ఆమెను వేలెత్తి చూపించలేరు. ఆ మాట అనుకోగానే వెన్ను కాస్త నిటారైంది. వెచ్చటి గాలి పెద్దల్లుడి వెనకనుంచి వచ్చి చెంపకు తగులుతోంది, ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడ్డట్టుంది. స్టూలు జరుపుకోవచ్చు. జరుపుకోలేదు.

మరిది ఏమీ అనుకోడు. ఆమె కాపురానికొచ్చేసరికి వాడు నిక్కర్లేసుకునే పిల్లాడు, ఎక్కాలు అప్పజెప్పమంటే ఏడో ఎక్కం దగ్గర దగ్గు తెచ్చుకునేవాడు. కేబులు బిగించే పని చేశాడు, ఫోన్ల కొట్టు పెట్టి మూసేశాడు, ఇప్పుడీ సర్వర్లు. మొన్న భోజనాల దగ్గర, వదినా, నాకోసం మొహమాటపడకు, ఓడితే ఓడిపోయావురా అని మొహమ్మీదే చెప్పెయ్ అన్నాడు. వాడి అన్నయ్య కంచంలోంచి తల ఎత్తకుండా, మీ వదినకి మొహమాటమా, అన్నాడు. అందరూ నవ్వారు, ఆమే ఎక్కువ నవ్వింది. నిజానికి మొహమాటమంతా అటు తిరిగి కూర్చుంది. మరిదికి సాయపడినట్టు కనిపించకూడదని పరీక్షలో ప్రతి మెలికనూ మళ్ళీ మళ్ళీ విప్పి చూసింది, దేన్లోనైనా చిన్నల్లుడికి వాటం కనిపిస్తే అది తీసేసింది. నిటారుగా నిలబడాలనుకున్న మనిషి వెనక్కి ఎంత వంగిపోయిందో తనకు తెలియదు. వెనక్కి, అంటే ఏమిటి, ఎందుకొచ్చింది ఆ మాట ఇప్పుడు? పరీక్షలో తప్పేముంది. గుట్ట ఒకటే, గది ఒకటే, గంట ఒకటే.

ఆ చురుకుచేతుల యంత్రం తనే అని అత్తగారు అనడంలో తప్పేమీ లేదు, కాళ్ళకు చక్రాలు కట్టుకు పుట్టిందని ఆమె పుట్టింట్లోనూ అనేవారు. ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతూనే గ్యాసు వెలిగిస్తుంది, అది మరిగేలోపు బట్టలు మడతపెడుతుంది, మడతపెడుతూ ఫోనులో ఎవరికో జవాబు చెప్తుంది. చిన్నకోడలు అలా కాదు. పసిపిల్లల బడిలో టీచరు, మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తుంది, వచ్చి అత్తగారి మంచం మీద ఓ పక్కన కూర్చుంటుంది. కూర్చుంటుందంటే కూర్చుంటుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దకోడలు ఒకసారి వంటింట్లో గిన్నెలతో అంది, గిన్నెలు మోసుకెళ్ళి ఎవరికి చెప్పాయో గానీ రెండురోజులు ఇంట్లో మాటల్లేవు. కానీ అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డ రోజున ఒక్క పిలుపుకే లేచి పరుగెత్తింది ఆ కూర్చున్న మనిషే. ఊరికే కూర్చుని ఉంది కాబట్టి పిలుపు వినపడింది. పెద్దకోడలు కూడా ఆ వేళ ఇంట్లోనే ఉంది, మిక్సీ తిరుగుతోంది. తర్వాత కట్టు కట్టించి పడుకోబెట్టాక గబగబా దుప్పటి మార్చి, దిండు దులిపి, మందులు వరసపెట్టి, నీళ్ళసీసా నింపి, ఇంకేం చేయాలా అని చుట్టూ చూస్తుంటే అత్తగారు కొంగు పట్టుకుని, కాసేపు ఊరికే కూర్చోవే, అంది. కూర్చుంది. కూర్చుని మోకాలు ఊపింది, ఫ్యాను మీది దుమ్ము చూసింది, కిటికీ రెక్క సరిగ్గా పడలేదని లేవబోయి మళ్ళీ కూర్చుంది. అత్తగారు కళ్ళు మూసుకునే, పోనీ వెళ్ళవే, నువ్వు కూర్చున్నా నడుస్తున్నట్టే ఉంది, నిద్ర పట్టట్లేదు, అంది. ఊరికే అన్నాలే అని కూడా అంది, కానీ ఆసారి ఊరికే అన్నట్టు లేదు. ఊరికే కూర్చోవే. ఊరికే.

ఊరికే ఎంత?

పెద్దకోడలు మీటరు మీంచి చూపు తీసింది. ఎవరన్నారు ఆ మాట? అత్తగారు కాదు. పెద్ద డాక్టరుగారు. పరీక్ష ఏమిటో చెప్పిన రోజు, ఆయన గదిలో, ఓహోగారు ఒక కుర్చీలో, మరిది ఒక కుర్చీలో, తను నిలబడి మూడు లెక్కలూ చెప్తోంది, మధ్యలో ఆయన తలగోక్కుంటూ, మరి ఊరికే ఎంత అన్నారు. తను వెంటనే, ఊరికే ఏమీ రాదండీ, వైరు ముక్క కావాలన్నా కొనుక్కోవాల్సిందే అంది. మరిది పకపకా నవ్వాడు, ఓహోగారు కూడా టై సర్దుకుంటూ నవ్వి, స్టిక్కర్లు మాత్రం ఊరికే ఇస్తాం సార్ అన్నాడు, డాక్టరుగారూ నవ్వేశారు, మాట అక్కడితో వేరే దారి పట్టింది. ఊరికే అంటే డబ్బివ్వకుండా అనుకుంది. అమ్మేవాళ్ళు ఇద్దరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఊరికే అంటే ఎవరికైనా అదే తోస్తుంది. కానీ ఊరికే అంటే పనీపాటా లేకుండా అని కూడా కదా. ఆయన అడిగింది అదేనేమో. పని లేనప్పుడు, ఊరికే ఉన్నప్పుడు ఎంత తింటాయి అని.

పొద్దున మీటర్లు తగిలించగానే రెండూ వెలిగాయి. ఇంకా ఫోటోల గుట్ట ఇవ్వలేదు, రెండు యంత్రాలూ లేచి కూర్చుని ఏం చేయమంటారన్నట్టు చూస్తున్నాయి. ఒక మీటరులో అంకె చిన్నది. రెండోదాంట్లో, పెద్దల్లుడి మీటరులో, అప్పటికే పెద్ద అంకె ఉంది. ఇంకా పూర్తిగా లేవలేదేమో, ఒళ్ళు విరుచుకుంటున్నాడేమో అనుకుంది. లేక అది పక్క మీటరా? కాదు, కరెంటాయన వంగి చూసి, పెద్దల్లుడు విస్తరి వేయకముందే మొదలెట్టాడు అన్నాడు. ఆమె వినీ విననట్టు గుట్ట తెరవడానికి వెళ్ళిపోయింది. పరీక్ష మొదలవలేదు కాబట్టి ఆ అంకె అంకె కాదు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కొనేవాళ్ళెవరూ నిలబడి ఉన్న గుర్రాన్ని చూడరు, పరుగెత్తించి చూస్తారు. పరుగెత్తే గుర్రానికి ఎంత దాణా అని అడుగుతారు గానీ కట్టేసిన గుర్రం ఎంత మేస్తుందని అడగరు. మరి ఈ గుర్రం ఎంతసేపు పరుగెత్తుతుంది? పొద్దుటి పూట రోగులు వస్తారు, బారులు తీరుతారు, ఫోటోలు వరదలా పడతాయి. భోజనాల వేళకి గేటు దగ్గర చెప్పులు కూడా ఉండవు. అక్కడినుంచి మర్నాడు పొద్దుటిదాకా సర్వరు ఊరికే ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం అది చేసే పని ఊరికే ఉండటమే. ఆ పని ఎవరు బాగా చేస్తారో పరీక్షలో లేదు. ఊరికే ఉండటం ఒక పని అని ఆమెకి తట్టలేదు, తట్టదు కూడా.

పోనీలే, కరెంటు బిల్లు కాస్త ఎక్కువొస్తుంది, అంతేకదా అనుకోబోయింది. అంతే కాదని గోడ అవతలినుంచి ఏదో సన్నగా గుర్తుచేస్తున్నట్టనిపించింది, అయినా పెద్దల్లుడి రొదలో అది వినపడే ప్రసక్తే లేదు. గోడ అవతల చల్లపెట్టె ఉంది, అందరూ కళ్ళపెట్టె అనే ఫ్రిజ్జు. పోయినవాళ్ళు దానం చేసిన కళ్ళలోంచి తీసిన పారదర్శకమైన పొరలు, గోరంతవి, చిన్న చిన్న సీసాల్లో ఉంటాయి అందులో. వేడి తగిలితే పనికిరావు. ఆ పెట్టే, ఈ సర్వరూ ఒకే బ్యాటరీ మీద ఉన్నాయి, కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా రెండింటినీ ఆ బ్యాటరీయే మోయాలి. జనరేటరు ఎప్పుడూ వెంటనే అందుకోదు. పోయిన వానల్లో మొరాయించి కూర్చుంటే కరెంటాయన దాని ముందు చొక్కా విప్పి కూర్చున్నాడు, లోపల కళ్ళపెట్టె నర్సు పెట్టె తలుపుకి వీపు ఆనించి నిలబడింది, ఎవరూ తెరవకుండా. బ్యాటరీ నిలబడింది కాబట్టి సరిపోయింది. నిలబడిందంటే పాత సర్వరు చిన్నది, అంతగా తినలేదు. ఇప్పుడు దాని స్థానంలో విస్తరి వేయకముందే మొదలెట్టేవాడు వచ్చి కూర్చుంటే? ఎవరికో చూపు రావాల్సిన పొర అది. ఆ నర్సు వీపు గుర్తొచ్చింది, నీలం స్వెట్టరు, మోచేతి దగ్గర కుట్టు ఊడిపోయింది.

చెప్పాలి. చెప్తే పరీక్ష మార్చినట్టు. మరిది యంత్రం మూడింట్లోనూ ఓడిపోయాక, ఉన్నట్టుండి నాలుగోది ఒకటి పుట్టుకొస్తుంది, అందులో మరిది గెలుస్తాడు. ఓహోగారు ఈసారి సాగదీస్తాడు. సాగదీయడానికి హక్కుంది, ఆయన స్థానంలో తనుంటే తనూ సాగదీసేది. ఆయన తన ఆఫీసులో చెప్తాడు, అక్కడినుంచి ఇంకో ఆసుపత్రిలో చెప్తాడు, వదినగారు మరిదిగారు అని ఒక కథ తయారవుతుంది, కథలకి కాళ్ళుండవు గానీ ఎక్కడికైనా వెళ్తాయి. ఇన్నేళ్ళుగా ఆమె దగ్గరున్నది ఒకే ఒక్క ఆస్తి, ఆవిడ చెప్పిందంటే అంతేనండీ అనే మాట. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. కరెంటాయన జోకు వేసి మర్చిపోయాడు. మరిదికి తెలిసుంటే వాడే అడిగేవాడు, వాడి సరుకు గుణం వాడికే తెలియదు, ఏడో ఎక్కం దగ్గర దగ్గే రకం. బ్యాటరీ ఇంకోటి కొంటే సరి, అయినా కొనరు. జనరేటరు బాగుచేయిస్తే సరి, అయినా చేయించరు. తెర మీద ఫోటోల గుట్ట తరిగిపోతోంది. మోకాలు ఊగుతోంది, ఎప్పటినుంచి ఊగుతోందో. ఆగు. ఆగింది. ఒక దారి ఉంది. అడిగింది డాక్టరుగారే కదా. నలుగురి ముందూ ఆయనే అడిగారు, వీళ్ళిద్దరూ విన్నారు, నవ్వారు కూడా. తను మాట తప్పుగా అర్థం చేసుకుంది, అంతే. ఇది కొత్త పరీక్ష కాదు, ఆయన అడిగిన ప్రశ్నకి ఆలస్యంగా జవాబు. అబ్బ, ఎంత బాగుంది ఆ ఆలోచన, ఎండలో నడిచేవాడికి గొడుగు దొరికినట్టు. మిగిలిన సమయమంతా ఆ గొడుగు కిందే కూర్చుని, ఏ మాటతో మొదలుపెట్టాలో పేర్చుకుంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు, ఆయన వెనక ఓహోగారు, మరిది, ఎవరూ పిలవకపోయినా కరెంటాయన. పెద్దకోడలు పరీక్ష ఆపేసి, లేచి నిలబడి, ఎన్ని ఫోటోలు, ఎంత కరెంటు, ధరకెంత పని, మూడూ ఉన్నదున్నట్టు చదివింది. మూడింట్లోనూ బయటి కంపెనీదే పైచేయి అని చెప్పింది. ఓహోగారి ముఖం విచ్చుకుంది, పొద్దుటి మాట వెనక్కి తీసుకున్నట్టుగా ఆమెకి చిన్నగా తల వంచాడు. మరిది పెదవి కొరుక్కుని, సరే వదినా అన్నాడు. అక్కడితో ఆగిపోవచ్చు. అందరూ సంతోషంగానే ఉన్నారు, ఓడినవాడితో సహా.

"ఇంకొక్కటుందండీ," అంది డాక్టరుగారితో. "ఆ రోజు మీరు ఊరికే ఎంత అని అడిగారు. ఊరికే ఉన్నప్పుడు ఎంత తింటాయని కదా మీరడిగింది? నేను వేరేగా అనుకుని ఏదో చెప్పేశాను."

డాక్టరుగారు కళ్ళజోడు నెత్తికి తోసి ఆలోచించారు. అబద్ధం చెప్పే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

"నేనలా అడిగానా? ఏమోనమ్మా. అందరూ మాట్లాడుతున్నారు కదాని నేనూ ఊరికే ఏదో అనుంటాను."

ఊరికే అన్నారు. మూడో ఊరికే. ఇంట్లో రోజూ వింటూ కూడా అది ఒకటుందని మర్చిపోయింది. గొడుగు చేతిలోంచి ఎగిరిపోయింది, ఎండ ఎక్కడిదక్కడే ఉంది. నలుగురూ తనవంక చూస్తున్నారు. పర్లేదండీ, ఏమీ లేదు అని ఒక్క మాట అంటే చాలు.

"అయితే నేనే అడుగుతున్నానండీ," అంది. రోగులు వెళ్ళిపోయాక ఇది మర్నాటిదాకా ఊరికే ఉంటుందని, అప్పుడు తినేది ఎవరూ చూడలేదని, తనే చూడలేదని, పక్కగదిలో కళ్ళపెట్టె కూడా ఈ బ్యాటరీ మీదే బతకాలని, పేర్చుకున్న మాటలన్నీ పోయి వచ్చినవి వచ్చినట్టు చెప్పింది. పని లేకుండా కాసేపు రెండింటినీ వదిలేసి మీటర్లు చూడాలంది.

ఓహోగారి ముఖం ముడుచుకుంది. "మొదలయ్యాక మార్చనన్నది మీరే కదండీ. ఎంతైనా అల్లుళ్ళకంటే మరిది దగ్గరలెండి."

కరెంటాయన పెట్టిన పేర్లు ఆయన చెవిన కూడా పడ్డాయన్నమాట. కరెంటాయన సీలింగు వంక చూశాడు. మరిది ముందుకొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దు వదినా, వదిలెయ్. ఓడిపోయాను, అయిపోయింది. నావల్ల నీకు మాటెందుకు."

"నువ్వుండరా, నీ గురించి కాదు," అంది. తర్వాత ఓహోగారి వైపు తిరిగింది. "మార్చనన్నాను, మారుస్తున్నాను. మీ ఆఫీసులో అలాగే చెప్పండి. మీటర్లు మాత్రం నేను చూడను, మా మరిది చూడడు. మీరే చూసి చదవండి. మీరేది చదివితే అది." తన స్టూలు జరిపి మీటర్ల ముందు ఆయనకి వేసింది.

డాక్టరుగారు ఒక అట్టపెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు. ఆయనే కూర్చున్నాక ఇంక ఎవరు వాదిస్తారు. ఓహోగారు స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దకోడలు వెళ్ళి, మీటర్లు కనపడనంత దూరంలో, అవతలి గోడ దగ్గర ఇంకో పెట్టె మీద కూర్చుంది. కూర్చుని చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి ఒళ్ళో పెట్టుకుంది. గదిలో వైరు ముక్కలు పడి ఉన్నాయి, ఏరాలి. ఏరలేదు. యంత్రాల వేడి దిగాలి, దిగడానికి టైము పడుతుంది, దాన్ని తొందరపెట్టేది ఏమీ లేదు. చిన్నల్లుడి గొణుగుడు సన్నగిల్లి, ఇంకా సన్నగిల్లి, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగిపోయింది. పెద్దల్లుడు కాస్త తగ్గాడు, తగ్గి అక్కడే నిలబడిపోయాడు, మరి కిందికి దిగలేదు. చేసే పని ఏమీ లేదు, ఎవరూ ఏమీ అడగలేదు, అయినా మోకాలు ఊపుతూనే ఉన్నాడు. నువ్వు కూర్చున్నా నడుస్తున్నట్టే ఉందే. ఆమెకి కోపం రాలేదు, ఎవరో దగ్గరి చుట్టాన్ని గుర్తుపట్టినట్టనిపించింది. రెండు రొదల్లో ఒకటి పోయాక ఆ సందులోంచి గోడ అవతల చల్లపెట్టె మూలుగు సన్నగా వినపడింది. ఇన్నేళ్ళుగా ఈ గదిలో పనిచేస్తూ అది వినడం ఇదే మొదలు.

ఓహోగారు మీటరు మీదికి వంగాడు. నమ్మకం కుదరక టై కొసతో దాని అద్దం తుడిచాడు. పక్కదాన్ని చూశాడు, మళ్ళీ తనదాన్ని చూశాడు. చదవకపోయినా ఎవరూ లేచి వచ్చి చూడరు, ఆయన ఏది చదివితే అదేనని ఆమే అంది. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"ఓహో," అన్నాడు. ఈసారి అది ఆమెను ఉద్దేశించింది కాదు. తర్వాత గొంతు సవరించుకుని రెండు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు పైకి చదివాడు. ఊరికే ఉన్నప్పుడు ఆయన యంత్రం తినేది, పరుగెత్తేటప్పుడు తినేదాంట్లో సగానికి దగ్గరగా ఉంది. దాని పక్కన పెట్టి చూస్తే చిన్నల్లుడు అసలు తింటున్నట్టే లేదు.

తొందరేం లేదు, ఇంకాసేపు చూద్దాం అన్నారు డాక్టరుగారు. మరిది గోడకి ఆనుకుని తన యంత్రం వంక, అది తనదేనా అన్నట్టు చూస్తున్నాడు. పెద్దకోడలి ఒళ్ళో ఫోను కదిలింది. అత్తగారు. ఏమైందో తెలుసుకుందామని పొద్దుటినుంచీ ఆగి ఆగి ఇక ఆగలేక చేసి ఉంటుంది, కానీ సూటిగా అడగడం ఆవిడకి నామర్దా.

"ఏం చేస్తున్నావే?"

"ఊరికే కూర్చున్నానత్తయ్యా."

అవతల మంచం కిర్రుమంది.

"నువ్వా?" అంది అత్తగారు.